పల్లకీ ఎక్కించిన రాయి

అమెరికా వంద డాలర్ల నోటు మీద పొడుగు జుట్టుతో ఓ పెద్దాయన బొమ్మ ఉంటుంది. మీవాళ్లెవరైనా అక్కడుంటే మీరూ చూసే ఉంటారు. ఆయనే బెంజమిన్‌ ఫ్రాంక్లిన్‌. మెరుపంటే విద్యుత్తేనని తేల్చిన శాస్త్రవేత్త. అమెరికా స్వాతంత్య్ర ప్రకటన మీద సంతకం చేసిన నాయకుడు. ఇన్ని చేసిన మనిషి చివరి ఎనిమిదేళ్లూ మూత్రాశయంలోని ఒక రాయితో వేగిపోయారు.

1706లో బోస్టన్‌లో, సబ్బులూ కొవ్వొత్తులూ తయారుచేసే కుటుంబంలో పుట్టారు. పదహారేళ్లప్పుడు మాంసం మానేసి, మిగిలిన డబ్బుతో పుస్తకాలు కొనుక్కున్నారు. లండన్‌ అచ్చాఫీసులో తోటివాళ్లు బీరు తాగుతుంటే తాను మంచినీళ్లే తాగేవారు. థేమ్స్‌ నదిలో ఈత కొట్టేవారు. అలాంటి మనిషికి ఈ జబ్బేమిటని మీకు అనిపించవచ్చు. రాళ్ల బాధ ఆ ఇంటికి కొత్త కాదు. అన్న జాన్‌కూ ఉండేది. ఆయన కోసం 1752లో ఫ్రాంక్లిన్‌ దగ్గరుండి వెండిపనివాడితో, వంగే వీలున్న సన్నటి మూత్రపు గొట్టం చేయించి పంపారు. ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడే క్యాథెటర్‌కు అది తాతలాంటిది.

డెబ్భై ఏళ్లు దాటాక ఫ్రాన్స్‌కు రాయబారిగా వెళ్లారు. అక్కడ రోజూ విందులు, వైన్‌. భోజనం కాగానే గంటల తరబడి చదరంగం. బయటికెళ్తే గుర్రపుబండి. ఒళ్లు బాగా పెరిగింది. బొటనవేలు వాచిపోయి నిప్పుల మీద పెట్టినట్టుండే గౌట్‌ పట్టుకుంది. 1780లో, ఆ జబ్బే తనతో మాట్లాడుతున్నట్టు ఓ సరదా సంభాషణ రాసుకున్నారు. నడవకుండా కూర్చున్నందుకు గౌట్‌ ఆయన్ని అందులో బాగానే చీవాట్లు పెడుతుంది. తప్పెక్కడుందో ఆయనకు తెలియక కాదు! 1782లో రాయి లక్షణాలు మొదలయ్యాయి.

ఇక్కడ ఒక తమాషా చూడండి. ఆయన స్వాతంత్య్ర ప్రకటన మీద సంతకం చేసిన 1776లోనే స్వీడన్‌ రసాయన శాస్త్రవేత్త షీలే మూత్రాశయపు రాళ్లలో యూరిక్‌ ఆమ్లాన్ని కనిపెట్టారు. అదే ఏడాది ఇంగ్లండ్‌ వైద్యుడు మాథ్యూ డాబ్సన్‌, మధుమేహుల మూత్రం తియ్యగా ఉండటానికి కారణం చక్కెరేనని రుజువు చేస్తూ వ్యాసం ప్రచురించారు. ఈ రెంటికీ చుట్టరికం ఉందని తెలియడానికి రెండొందల ఏళ్లకు పైనే పట్టింది.

ఆ చుట్టరికం ఏమిటంటే, పొట్ట పెరిగి ఇన్సులిన్‌ సరిగా పనిచేయనప్పుడు మూత్రపిండాలు అమ్మోనియాను తక్కువగా తయారుచేస్తాయి. మూత్రంలోని పులుపును విరిచేది అదే. అది తగ్గితే మూత్రం మరీ ఆమ్లంగా మారుతుంది. పీహెచ్‌ 5.5 కన్నా దిగితే యూరిక్‌ ఆమ్లం కరగక, గడ్డకట్టి రాయవుతుంది. 2006లో ఫ్రెంచి వైద్యులు రోగుల రాళ్లను పరీక్షిస్తే, టైప్‌-2 మధుమేహుల్లో మూడింట ఒక వంతుకు పైగా యూరిక్‌ ఆమ్లం రాళ్లే. షుగర్‌ లేనివాళ్లలో అవి పదింట ఒకటి చొప్పునే ఉన్నాయి. ఫ్రాంక్లిన్‌కు మధుమేహం ఉందని ఎవరూ నిర్ధారించలేదు, ఆ కాలంలో రక్తపరీక్షలే లేవు. కానీ స్థూలకాయం, గౌట్‌, రాయి ఒకే మనిషిలో కలిస్తే ఇప్పటి డాక్టరు ముందుగా షుగర్‌ పరీక్షే రాస్తారు.

మీకు షుగర్‌ ఉండి, కిడ్నీలో రాయి బయటపడితే అది ఏ రకమో అడగండి. పడిపోయిన రాయిని పారేయకుండా పరీక్షకు ఇవ్వండి. యూరిక్‌ ఆమ్లం రాయి మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు, స్కానింగ్‌లో దొరుకుతుంది. దీనిలో ఒక మంచి కూడా ఉంది. మూత్రంలో ఆమ్లాన్ని తగ్గించే మందులతో చాలాసార్లు ఇది కరిగిపోతుంది. అయితే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఆ మందులతో ఒంట్లో పొటాషియం పెరిగే ప్రమాదముంది కాబట్టి సొంతంగా కొనుక్కోవద్దు. నీళ్లు తాగమన్నారని చెరకురసం, కూల్‌డ్రింకుల జోలికి పోవద్దు. నడుము పక్క నొప్పితో పాటు చలిజ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. రాయి అడ్డుపడి చీము పడితే మధుమేహులకు ప్రాణం మీదికొస్తుంది.

ఫ్రాంక్లిన్‌కు ఇవేవీ అందుబాటులో లేవు. తన బాధంతా వివరంగా రాసి లండన్‌ వైద్యులకు పంపితే, ఆ వయసులో కోత వద్దన్నారు. మత్తుమందు లేని రోజులవి. 1785లో స్వదేశానికి బయల్దేరినప్పుడు బండి కుదుపులు భరించలేకపోతే, ఫ్రాన్స్‌ రాణి తన కంచరగాడిదల పల్లకీని ఇచ్చి రేవుదాకా పంపింది. 1787లో అమెరికా రాజ్యాంగం రాసే సభకు 81 ఏళ్ల వయసులో హాజరయ్యారు. అక్కడికీ పల్లకీలోనే, దాన్ని జైలు ఖైదీలు మోసేవారని చెబుతారు. ఆ తర్వాత మంచం పట్టారు. నొప్పికి నల్లమందు తీసుకునేవారు, దాంతో ఆకలి చచ్చి చిక్కి శల్యమయ్యారు. 1790 ఏప్రిల్‌ 17న, 84 ఏళ్ల వయసులో ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూసేనాటికి కూడా ఆ రాయి ఆయన ఒంట్లోనే ఉంది.