మిల్లీవోల్టుల మహనీయుడు: వాల్టర్ నెర్న్‌స్ట్

ఎలెక్ట్రోకెమిస్ట్రీ చదివిన ప్రతివాడికీ నెర్న్‌స్ట్ సమీకరణం నోటికొస్తుంది. ఆ మనిషి జీవితం మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. అరకులోయ కాఫీ రైతుల కోసం పీహెచ్ మీటరు తయారుచేసే ప్రాజెక్టు చేపట్టాక, నేను ఆయన్ని గురించి చదవడం మొదలుపెట్టాను.

నెర్న్‌స్ట్ 1864 జూన్ 25న ఆనాటి ప్రష్యాలోని బ్రీసెన్ అనే ఊళ్ళో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. 1887లో వుర్జ్‌బర్గ్‌లో డాక్టరేటు పొంది, లైప్‌జిగ్‌లో ఓస్ట్‌వాల్డ్ దగ్గర సహాయకుడిగా చేరారు. 1889లో, పాతికేళ్ళ వయస్సులోనే, ద్రావణంలోని అయాన్ల గాఢతకూ ఎలెక్ట్రోడు వోల్టేజికీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టి చూపారు. హైడ్రొజన్ అయాన్ల గాఢత పదిరెట్లు మారితే, అంటే పీహెచ్ ఒక అంకె మారితే, 25 డిగ్రీల దగ్గర వోల్టేజిలో తేడా సుమారు 59 మిల్లీవోల్టులు. అంతే!

ఆ కాస్త వోల్టేజే మా ప్రాజెక్టుకు ప్రాణం. అరకు కొండల్లో కాఫీపండ్ల తొక్క తీశాక, గింజకి అంటుకున్న జిగురు పోవడానికి పులియబెడతారు. పులిసేకొద్దీ పీహెచ్ తగ్గుతుంది. పులుపు మితిమీరితే రుచి చెడి, గిరిజన రైతుకు దక్కవలసిన ధర దక్కదు.

1909లో హేబర్ ప్రయోగశాల నుంచి వెలువడిన గాజు ఎలెక్ట్రోడు ఈ పీహెచ్‌ని కొలవగలదు. కాని దాని నిరోధం వంద మెగోముల వరకూ ఉంటుంది. దానికి 741 ఆప్-ఆంప్ తగిలిస్తే, అది తీసుకునే 80 నానోఆంపియర్ల కరెంటుకే లెక్కప్రకారం 8 వోల్టుల తప్పు వస్తుంది. అందుకని పికోఆంపియర్లతో సరిపెట్టుకునే సి.ఏ. 3140ని ముందు బఫరుగా పెట్టాం. పీహెచ్ 7 దగ్గర ఎలెక్ట్రోడు సున్నా ఇస్తుంది; ఆమ్లంలో ధన, క్షారంలో ఋణ వోల్టేజి. మైక్రోకంట్రోలరుకి ఋణం పనికిరాదు గనుక, రెండో ఆప్-ఆంప్‌తో అయిదు రెట్లు పెంచి 2.5 వోల్టులు కలిపాం. చలికి 10 డిగ్రీలకు దిగితే ఆ 59 కాస్తా 56 అవుతుంది. సమీకరణంలో ఉష్ణోగ్రత ఉండనే ఉంది. సెన్సరు చూసి మైక్రోకంట్రోలరే సవరించుకుంటుంది.

ఇక నెర్న్‌స్ట్ తర్వాతి జీవితం. గొట్టింగెన్‌లో ఆచార్యులుగా ఉండగా కొత్తరకం విద్యుద్దీపం కనిపెట్టి, హక్కులమ్మి ధనవంతులయ్యారు. 1905లో బెర్లిన్ చేరి, థర్మోడైనమిక్సు మూడో నియమానికి పునాది వేశారు. 1920వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనదే. పెద్ద వయస్సులో, తీగల కంపనాన్ని వాల్వు ఆంప్లిఫయరుతో పెంచే పియానో రూపొందించారు. చిన్న సంకేతాన్ని పెద్దది చేయడమన్న పని ఆయనకీ ప్రియమే కాబోలు!

మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్లలో రసాయనాలు నింపే ప్రయత్నంలో ఆయన పాలుపంచుకున్నారు. అదే యుద్ధం ఆయన కొడుకులిద్దర్నీ మింగేసింది. హిట్లరు గద్దెనెక్కిన 1933లో పదవినుంచి తప్పుకున్నారు. యూదులను పెళ్ళాడిన ఇద్దరు కూతుళ్ళూ దేశం విడిచి వెళ్ళిపోయారు. 1941 నవంబరు 18న తన గ్రామీణ ఎస్టేటులో కన్నుమూశారు.

మిత్రులారా, గుండులో నింపినా, కాఫీతొట్టిలో కొలిచినా రసాయనశాస్త్రం ఒక్కటే. దాన్ని ఎటు నడిపించాలో సమీకరణం చెప్పదు. చదువుకున్న మనమే తేల్చుకోవాలి.