చక్రవర్తి కన్నీరు

2006 వేసవిలో అల్ ఖోబర్‌లో ఉండగా, నాన్న పోయారని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. రీ-ఎంట్రీ వీసా చేతికందేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆరుగురం సర్దుకుని ఉండే గదిలో ఏడవడానికి చోటెక్కడ? అడిగినవారందరికీ బాగానే ఉన్నానని చెప్పాను. అమ్మకూ అదే చెప్పాను.

ఆ రోజుల్లో ఒక మిత్రుడిచ్చిన పుస్తకం వల్ల రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ నాకు పరిచయమయ్యాడు.

క్రీ.శ. 121లో రోమ్‌లో పుట్టిన మార్కస్‌కు చిన్నతనంలోనే తండ్రి పోయాడు. 138లో ఆంటోనైనస్ పయస్ దత్తత తీసుకున్నాడు. గురువు రస్టికస్ ఆయనకు ఎపిక్టెటస్ బోధలు చదవమని ఇచ్చాడు. ఆ ఎపిక్టెటస్ ఒకప్పుడు బానిస! మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో వేరుచేసి చూసుకోమన్నదే ఆ స్టోయిక్ దర్శన సారం. మన గీతలోని స్థితప్రజ్ఞుడికి దగ్గరి చుట్టమన్నమాట.

161లో మార్కస్ సింహాసనమెక్కాడు. తూర్పున యుద్ధం, 165 ప్రాంతం నుంచి మహమ్మారి, ఆపైన డాన్యూబ్ సరిహద్దులో ఏళ్ల తరబడి పోరాటం. ఇంట్లో దెబ్బలు ఇంకా పెద్దవి. డజనుకు పైగా పిల్లలు పుడితే సగానికి పైగా చిన్నప్పుడే పోయారు. 169లో ఏడేళ్ల కొడుకు పోతే, ఐదు రోజులే శోకం పాటించి రాజకార్యాల్లో పడ్డాడట. దండు విడిసిన చోట తనకోసమే గ్రీకులో రాసుకున్న మాటలు తర్వాత మెడిటేషన్స్‌గా లోకమంతా చదివింది. 180లో యుద్ధరంగానికి చేరువలోనే కన్నుమూశాడు.

ఇదంతా చదివి నేను గ్రహించింది ఒక్కటే: నిండు కుండ తొణకకూడదు! నెలల తరబడి నిద్ర లేకపోయినా పెదవి విప్పలేదు.

తర్వాత ఇంకో ముచ్చట తెలిసింది. యువకుడిగా ఉన్నప్పుడు, తనను పెంచిన గురువు పోతే మార్కస్ ఏడ్చాడు. కొలువువారు వారించబోతే ఆంటోనైనస్ వాళ్లనే ఆపాడని పాత చరిత్ర చెబుతోంది. తత్త్వం గానీ, అధికారం గానీ మనిషి మనసును తీసెయ్యవని ఆ పెద్దాయన భావం.

ఆ శుక్రవారం సాయంత్రం కార్నిష్‌లో సముద్రం ఒడ్డున కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. నాన్న చావు నా చేతిలో లేదు. అమ్మకు నిజం చెప్పడం నా చేతిలోనే ఉంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఆ రాత్రి నిద్ర పట్టింది.

పరాయి దేశాల్లో బాగానే ఉన్నామని చెప్పుకునే సోదర సోదరీమణులారా, మీ మనసులో మాట ఒక్కరికైనా చెప్పండి. చక్రవర్తికే తప్పని కన్నీరు మనకు చిన్నతనమా?