దేహం దాటి ఒక్కసారి: తిరువొత్తియూరులో కనిపించిన రమణ మహర్షి

ప్రాణం ఒంటిని విడిచి ఎక్కడికో వెళ్లి తిరిగి రావడం గురించిన కథలు మన ఇళ్లకు కొత్త కాదు. పరకాయ ప్రవేశం కథలు అమ్మమ్మల నోట విన్నవే. ఈ మధ్య కుర్రవాళ్లు అదే సంగతిని ఆస్ట్రల్ ప్రొజెక్షన్ అంటూ మాట్లాడుకుంటున్నారు. వెల్లకిలా పడుకుని, ఒళ్లు వదులు చేసి, ఊపిరి మీద మనసు నిలిపి, మొదటిసారి ఒంట్లోంచి బయటికి రావాలని చూస్తున్నారు. అలా ప్రయత్నించేవారికీ, వాళ్లను చూసి కంగారు పడే పెద్దలకూ పనికివచ్చే జీవితం ఒకటి ఉంది. ఆ జీవితం గడిచింది తమిళనాడులో. దానికి సాక్షిగా నిలిచి, ఆ మనిషికి లోకమంతా పిలిచే పేరు పెట్టింది మాత్రం మన తెలుగువాడు.

మదురైలో ఒక మధ్యాహ్నం

రమణ మహర్షి అసలు పేరు వేంకటరామన్. 1879 డిసెంబరు 30న మదురైకి దక్షిణంగా ఉన్న తిరుచ్చుళిలో పుట్టారు. తండ్రి సుందరం అయ్యర్ ఆ ఊళ్లో ప్లీడరు, తల్లి అళగమ్మాళ్. 1892లో తండ్రి పోవడంతో సంసారం చెదిరింది. వేంకటరామన్, ఆయన అన్న నాగస్వామి మదురైలో పినతండ్రి సుబ్బయ్యర్ ఇంటికి చేరారు. మీనాక్షి అమ్మవారి గుడికి దగ్గర్లో, చొక్కప్ప నాయకన్ వీధిలో ఉండేది ఆ ఇల్లు. నాయక రాజుల కాలం నుంచీ తెలుగు కుటుంబాలు ఉన్న ఊరే అది.

పిల్లవాడు చదువులో అంతంత మాత్రం, ఆటల్లో ముందు. మంచి ఒళ్లు, గాఢమైన నిద్ర. ధ్యానం, యోగం లాంటివి అతనికి తెలియవు. అరుణాచలం అనే పేరు ఒక బంధువు నోట విన్నాడు, నాయనార్ల కథలు చెప్పే పెరియపురాణం చదివాడు. అంతకుమించి సాధన ఏమీ లేదు.

1896 జులైలో ఒక రోజు మేడ మీద గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. అప్పటికి పదహారేళ్లు. జ్వరం లేదు, ఏ జబ్బూ లేదు. ఉన్నట్టుండి చచ్చిపోతున్నానన్న భయం ముంచుకొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లను పిలవాలని గానీ, వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలని గానీ అతనికి తోచలేదు. చావు అంటే ఏమిటో ఇప్పుడే, ఇక్కడే తేల్చుకోవాలనుకున్నాడు.

నేల మీద పడుకున్నాడు. కాళ్లూ చేతులూ శవంలా బిగదీశాడు. మాట బయటికి రాకుండా పెదవులు గట్టిగా మూసి, ఊపిరి బిగపట్టాడు. ఈ ఒళ్లు చచ్చింది అనుకున్నాడు. దీన్ని శ్మశానానికి మోసుకుపోతారు, కాలుస్తారు, బూడిదవుతుంది. మరి దీనితో పాటు తానూ పోయినట్టేనా? ఒళ్లు కదలకుండా పడి ఉన్నా, లోపల నేను అన్న ఎరుక చెక్కు చెదరకుండా వెలుగుతూనే ఉందని అతనికి తెలిసింది. అది తర్కించి తేల్చుకున్న ముగింపు కాదనీ, ఎదురుగా ఉన్న వస్తువును చూసినట్టు చూశాననీ ఆ తర్వాత చెప్పారు. భయం ఆ క్షణంలో పోయింది, మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. ఆ పిల్లవాడు ఒంట్లోంచి బయటికి వెళ్లి లోకాలు చూడాలనుకోలేదు. ఒంటితో పాటు పోనిది ఏదైనా ఉందా అన్నదొక్కటే అతని ప్రశ్న. ఎక్కడికీ పోకుండా, పడుకున్న చోటే జవాబు దొరికింది.

నేను అన్న మాట తగ్గిన చీటీ

ఆ తర్వాత చదువు మీద మనసు నిలవలేదు. తోటివాళ్లతో తగవులు మానేశాడు, తిండి రుచి పట్టించుకోలేదు. సాయంత్రాలు మీనాక్షి గుడికి వెళ్లి అరవై ముగ్గురు నాయనార్ల విగ్రహాల ముందు కన్నీళ్లతో నిలబడేవాడు. ఆగస్టు 29న ఇంగ్లీషు వ్యాకరణ పాఠం మూడుసార్లు రాయమని బడిలో వేసిన శిక్ష రాస్తూ రాస్తూ, పుస్తకం పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు. అది చూసి అన్న మందలించాడు. ఇలా ఉండేవాడికి ఇల్లూ చదువూ ఎందుకన్న ఆ మాట తమ్ముడికి సూటిగా తగిలింది.

అన్న కాలేజీ ఫీజు కట్టమని అయిదు రూపాయలు ఇస్తే, అందులో మూడు తీసుకుని, రెండు ఒక చీటీతో పాటు వదిలి బయల్దేరాడు. తండ్రిని వెతుక్కుంటూ ఆయన ఆజ్ఞ మీద వెళ్తున్నట్టూ, తన కోసం ఎవరూ వెతకవద్దనీ, డబ్బు ఖర్చు చేయవద్దనీ అందులో రాశాడు. చీటీ నేను అని మొదలై, కొంచెం ముందుకు వెళ్లేసరికి ఇది అని మారింది. సంతకం ఉండాల్సిన చోట ఒక గీత మాత్రమే ఉంది. ఆరు వారాల కిందట మేడ గదిలో జరిగినదేమిటో ఆ చీటీయే చెబుతుంది.

కొంత దూరం రైలు, కొంత దూరం నడక. దారిలో కీళూరులో చెవిపోగులు తాకట్టు పెట్టి నాలుగు రూపాయలు తీసుకున్నాడు. సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరాడు. గుడిలోకి వెళ్లి వచ్చి, తల గొరిగించుకుని, మిగిలిన డబ్బు కోనేట్లో విసిరేశాడు. ఆ రోజు నుంచి 1950లో కన్నుమూసేదాకా యాభై నాలుగేళ్లలో ఆ ఊరు విడిచి కదలలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగినదానికి ఇది ముఖ్యం.

మొదటి రోజుల్లో పాతాళ లింగం గదిలో కూర్చుంటే చీమలూ పురుగులూ తొడలు కొరికి పుండ్లు చేశాయి. అయినా తెలియలేదు. తల్లి వెతుక్కుంటూ 1898లో పవళకున్రుకు వచ్చి, రోజుల తరబడి ఏడ్చి ఇంటికి రమ్మంది. మౌనంగా ఉన్న కొడుకు, ఎవరి ప్రారబ్ధం ప్రకారం వారికి జరుగుతుందన్న భావంతో నాలుగు ముక్కలు కాగితం మీద రాసిచ్చారు. ఆ తల్లి ఒట్టి చేతులతో తిరిగి వెళ్లింది. ఈ కథలో కష్టం భరించినవాళ్లలో ఆమెను మరచిపోకూడదు. 1899 నుంచి ఆయన కొండ మీద విరూపాక్ష గుహలో ఉన్నారు. ఊరివాళ్లు బ్రాహ్మణస్వామి అనేవారు.

నాయన వచ్చిన రోజు

అయ్యలసోమయాజుల గణపతి శాస్త్రి 1878లో బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టారు. ఇరవై రెండేళ్లకే నవద్వీప పండితుల సభలో ఆశువుగా సంస్కృత శ్లోకాలు చెప్పి కావ్యకంఠ బిరుదు పొందారు. పొట్టకూటికి తమిళ దేశం వచ్చి వేలూరులో అధ్యాపకుడిగా పనిచేశారు. ఉద్యోగం కోసం ఊరు దాటి వచ్చి, పరాయి భాష మధ్య ఇల్లు నిలబెట్టుకున్న తెలుగువాళ్లలో ఆయనా ఒకరు. కోట్ల కొద్దీ మంత్రజపం చేశారు. తపస్సుతో దేశానికి మేలు జరగాలన్నది ఆయన ఆశ. అయినా తపస్సు ఫలించిన జాడ కనిపించలేదన్న వెలితి ఆయన్ను తొలిచేసింది.

1907 నవంబరు 18న, కార్తిక దీపోత్సవాల రోజుల్లో, మధ్యాహ్నపు ఎండలో కొండెక్కి బ్రాహ్మణస్వామి కాళ్ల మీద పడ్డారు. చదవాల్సినవన్నీ చదివాననీ, తపస్సంటే ఏమిటో ఇంకా తెలియలేదనీ మొరపెట్టుకున్నారు. స్వామి చాలాసేపు చూస్తూ ఊరుకుని, తర్వాత తమిళంలో రెండే మాటలు చెప్పారు. నేను అన్న తలపు ఎక్కడ పుడుతోందో, జపించే మంత్రం శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో అక్కడ మనసు నిలపడమే తపస్సని వాటి సారం. గణపతి శాస్త్రికి వెలితి తీరింది. స్వామి అసలు పేరు వేంకటరామన్ అని అక్కడున్న పళనిస్వామి ద్వారా తెలుసుకుని, దాన్ని రమణ అని కుదించి, భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పిలిచారు. ఆ పేరే నిలిచింది. శాస్త్రిగారిని శిష్యులు నాయన అనేవారు, రమణులూ అలాగే పిలిచేవారు.

తిరువొత్తియూరులో కనిపించినది

1908లో నాయన మద్రాసుకు ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరుకు తపస్సుకు వెళ్లారు. త్యాగరాజస్వామి అక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు తెలుగు కృతులు చెప్పిన క్షేత్రం అది. అక్కడ ఒక వినాయకుడి గుడిలో మౌనవ్రతంతో కూర్చున్నారు. పద్దెనిమిదో రోజున, పడుకుని మెలకువగానే ఉండగా, మహర్షి లోపలికి వచ్చి పక్కన కూర్చోవడం చూశారు. ఆశ్చర్యంతో లేవబోతే మహర్షి తల మీద చెయ్యి వేసి అణిచిపెట్టారు. ఒళ్లంతా విద్యుత్తు పాకినట్టయింది. దాన్ని హస్తదీక్షగా నాయన భావించారు.

తిరువణ్ణామలై అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. మహర్షి తిరువొత్తియూరు ఎప్పుడూ చూడలేదు. భక్తుడి మనసు అనుకున్నది కంటికి కనిపించి ఉంటుందని ఎవరైనా అనవచ్చు. కానీ 1929లో మహర్షి సమక్షంలో నాయన ఈ సంగతి చెప్పినప్పుడు, రెండో వైపు కథ బయటికి వచ్చింది.

కొన్నేళ్ల కిందట ఒక రోజు గుహలో పడుకుని ఉన్నాననీ, సమాధిలో లేననీ మహర్షి చెప్పారు. ఉన్నట్టుండి ఒళ్లు పైపైకి లేచిపోతున్నట్టు అనిపించింది. చుట్టూ ఉన్నవన్నీ మాయమై తెల్లని వెలుగు ఒక్కటే మిగిలింది. కాసేపటికి కిందికి దిగుతున్నట్టయి వస్తువులు మళ్లీ కనిపించాయి. సిద్ధులు రావడం పోవడం ఇలాగే కాబోలని అప్పుడు అనుకున్నారట. అది తిరువొత్తియూరు అన్న తలపు వచ్చింది. పెద్ద దారి మీద నడుస్తుంటే ఒక పక్క కొంచెం ఎడంగా వినాయకుడి గుడి కనిపించింది, లోపలికి వెళ్లారు. అక్కడ ఏదో మాట్లాడారు గానీ ఏమిటో గుర్తు లేదు. అంతలో మెలకువ వచ్చి చూస్తే విరూపాక్ష గుహలోనే పడుకుని ఉన్నారు. వెంటనే పళనిస్వామికి చెప్పారు. ఆయన వర్ణించిన గుడి, తాను తపస్సు చేసిన గుడి ఒకటేనని నాయన గుర్తుపట్టారు.

రెండు వైపులా చెప్పింది విన్నవాళ్లు రాసుకున్నది ఇది. నమ్మడం, నమ్మకపోవడం పాఠకుల ఇష్టం. ఒకటి మాత్రం ఆలోచించాలి. ఇంత జరిగినా మహర్షి ఇరవై ఏళ్లు దాన్ని ప్రచారం చేయలేదు. మళ్లీ అలా వెళ్లడానికి ప్రయత్నించలేదు, ఎవరికీ నేర్పలేదు. మొదటిసారి ప్రయత్నం లేకుండా వచ్చింది, అదే ఆఖరుసారి కూడా.

కూర్మశిల దగ్గర

1912లో పచ్చయమ్మన్ గుడి దగ్గర తలంటుకుని తిరిగి వస్తుండగా కొండ మీద కూర్మశిల దగ్గర ఆయనకు కళ్లు తిరిగాయి. చూపుకు అడ్డంగా తెల్లని తెర జరుగుతున్నట్టు మూడుసార్లు అయింది. రాతికి ఆనుకుని కూర్చుండిపోయారు. ఊపిరి ఆగింది, గుండె ఆగింది, ఒళ్లు నల్లబడింది. వెంట ఉన్న వాసుదేవ శాస్త్రి ప్రాణం పోయిందనుకుని కౌగిలించుకుని ఏడ్చారు. ఆ ఏడుపు, ఆ వణుకు మహర్షికి తెలుస్తూనే ఉన్నాయి. పది పదిహేను నిమిషాల తర్వాత ఒళ్లు అదిరి ఊపిరి తిరిగి వచ్చింది. దీన్ని తాను కావాలని తెచ్చుకోలేదనీ, చచ్చాక ఒళ్లు ఎలా ఉంటుందో చూడాలనుకోలేదనీ తర్వాత స్పష్టంగా చెప్పారు.

నాయన శక్తుల గురించి అడుగుతూనే ఉండేవారు. దేశం బానిసత్వంలో ఉండగా తపశ్శక్తి దేనికి పనికిరావాలన్నది ఆయన బాధ. ఆయన సంస్కృతంలో కూర్చిన రమణ గీతలో జ్ఞానానికీ సిద్ధులకూ ఉన్న సంబంధం మీద ఒక అధ్యాయమే ఉంది. మహర్షి అభిప్రాయం మాత్రం మారలేదు. సిద్ధులు కలలో దొరికిన సంపద లాంటివి, మేలుకున్నవాడికి వాటితో పని లేదు. వచ్చేదీ పోయేదీ నువ్వు కావు, రాకపోకలు చూస్తున్నదెవరో తెలుసుకో అన్నదే ఆయన బోధ సారాంశం.

చివరి దాకా

తల్లి 1916లో కొడుకు దగ్గరికే వచ్చి ఉండిపోయింది. 1922 మే 19న ఆమె ప్రాణం పోయేటప్పుడు ఆయన ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి తల మీద ఉంచి గంటల కొద్దీ కూర్చున్నారు. అప్పుడెప్పుడో ఒట్టి చేతులతో తిరిగి వెళ్లిన తల్లికి దక్కినది అది. ఆమె సమాధి దగ్గరే రమణాశ్రమం వెలిసింది.

తెలుగు నేర్చుకుని, ఉపదేశ సారాన్ని తెలుగులో కూడా రాశారు. నాయన కర్ణాటకలోని శిర్సిలో కొంతకాలం ఉండి, 1936లో ఖరగ్‌పూర్‌లో కన్నుమూశారు. రైల్వే ఉద్యోగాలతో తెలుగువాళ్లు స్థిరపడిన ఊరు అది. ఆ వార్త విని అలాంటివాడు మళ్లీ ఎక్కడ దొరుకుతాడని మహర్షి అన్నారు. తర్వాతి రోజుల్లో సూరి నాగమ్మ తన అన్నకు రాసిన తెలుగు ఉత్తరాల వల్ల ఆయన చివరి సంవత్సరాలు మనకు దక్కాయి.

1949లో ఎడమ చేతి మీద పుండు క్యాన్సరుగా తేలింది. నాలుగుసార్లు ఆపరేషన్ చేశారు. చెయ్యి తీసేయాలంటే ఒప్పుకోలేదు. భక్తులు ఏడుస్తుంటే, తాను వెళ్లిపోతున్నానంటున్నారు గానీ ఎక్కడికి వెళ్లగలననీ, ఇక్కడే ఉన్నాననీ ఓదార్చారు. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8 గంటల 47 నిమిషాలకు శ్వాస ఆగింది.

ఇప్పుడు అరుణాచలం గిరిప్రదక్షిణకు వేల మంది తెలుగువాళ్లు వస్తున్నారు. గుడి వెనక నుంచి కొండెక్కితే విరూపాక్ష గుహ చూడవచ్చు. మదురైలో ఆ మేడ గది ఉన్న ఇల్లు రమణ మందిరంగా తెరిచే ఉంది. ఒంట్లోంచి బయటికి ఎలా వెళ్లాలని అడిగే పిల్లలను కసరకుండా, ఒకసారి ఆ గదికి తీసుకెళ్లండి. పదహారేళ్ల వేంకటరామన్ నేల మీద పడుకుని వేసుకున్న ప్రశ్న ఏమిటో అక్కడ కూర్చోబెట్టి చెప్పండి.