ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు

ధర్మవరం అనగానే అందరికీ పట్టుచీరలే జ్ఞాపకం వస్తాయి. హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ఆ ఊరు దాటిపోయే మన విద్యార్థులలో, ఆ ఊరి పేరే ఇంటిపేరైన నాటకకర్త ఎందరికి తెలుసునో నాకు అనుమానమే.

ఆచార్యులవారు 1853లో ధర్మవరంలో జన్మించారు. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. అది బళ్ళారి జిల్లా నుంచి విడివడింది 1882లో. చదువుకున్నవాడికి బతుకుతెరువు బళ్ళారిలోనే. ఆయనా అక్కడికే పోయి ప్లీడరయ్యారు. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు! సరస వినోదిని సభ పెట్టి, 1887లో చిత్రనళీయం ఆడించారు. ప్రహ్లాద, ప్రమీలార్జునీయం, పాదుకా పట్టాభిషేకం వగైరా ముప్పై దాకా నాటకాలు రాశారు. బాహుకుడు, దశరథుడు వేషాలు తామే కట్టారు. 1891లో ఈ సభవారు మద్రాసులో ఆడిన నాటకాలు చూసే పమ్మల్ సంబంధ మొదలియారుగారు తమిళంలో సుగుణ విలాస సభ స్థాపించారు. ఇక బళ్ళారిలోనే మరో ప్లీడరు కోలాచలం శ్రీనివాసరావుగారు పోటీకి దిగి చారిత్రక నాటకాలు పట్టుకున్నారు. ఆ సంగతి మరెప్పుడైనా చెప్పుకుందాం.

నన్ను ఆకట్టుకున్నది ఒకే ఒక్క విషయం. ఈ ప్లీడరుగారు రూల్సును ఎలా చదివారు?

మన లాక్షణికులు రూపకాలను పది రకాలు చేశారు. నాయకులను నాలుగు తరగతులు చేశారు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. ఏ తరగతివాడి స్వభావం ఎలా ఉండాలో అన్నీ గీత గీసినట్టు చెప్పారు. మా హాస్టలు కుర్రాళ్ళు పాచికలు పట్టుకుని ఆడే ఆట చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అది. ఆటగాడు యోధుడో, మాంత్రికుడో ఒక తరగతి ఎంచుకోవాలి. దానికి ఏ శక్తులున్నాయో పుస్తకం చెబుతుంది. ఒకడే రెండు తరగతులూ కలిపాడా, ఇక పంచాయితీ మొదలు! కవచం తొడుక్కున్నవాడు మంత్రం వెయ్యొచ్చా, కూడదా అని అర్ధరాత్రి దాకా వాదనే.

ఆచార్యులవారు సరిగ్గా ఇలాంటి కలగలుపే చేశారు. సంస్కృతం నుంచి అంకాలు, ఇంగ్లీషు నుంచి రంగ విభజన, విషాదాంతం, ఊళ్ళో జనం కోసం పాటలు. ఇందులో విషాదాంతమే అసలు తగాదా. ప్రధాన నాయకుని వధ చూపరాదని దశరూపకం నిషేధం. నాటకం మంగళంగా ముగియాలన్నది సంప్రదాయం.

విషాద సారంగధర కథ తెలిసిందే. చిత్రాంగి నింద మోపితే రాజరాజ నరేంద్రుడు విచారణైనా లేకుండా కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. గౌరన నవనాథ చరిత్రలో సిద్ధుని దయవల్ల అవి మళ్ళీ వస్తాయి. అది పట్టుకుంటే రూలూ నిలిచేది, ఎవరూ నోరెత్తేవారూ కారు. ఆచార్యులవారు దాన్ని వదిలేశారు. తెలుగులో మొదటి విషాదాంత నాటకం ఇదేనంటారు.

మొండితనంతో చేశారని నేననుకోను. ఆయన ఆ నాటకంలో కట్టిన వేషం సారంగధరుడిది కాదు, రాజరాజుది! పుట్టుకచేత ధీరోదాత్తుడు, కోపం వచ్చిన గడియలో ఉద్ధతుడు. రెండు తరగతులు ఒకే మనిషిలో. విచారణ లేని శిక్ష అంటే ఏమిటో పగలంతా కోర్టులో నిలబడే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నరికిన చేతులు మళ్ళీ మొలిస్తే తండ్రి తప్పు కూడా మాఫీ అయిపోతుంది. మంగళం పాడమన్న రూలు ప్రేక్షకుడి మనసు కుదుటపడాలని పెట్టిందే గానీ, అన్యాయాన్ని కప్పిపుచ్చమని కాదు గదా. ఆయన రూలును అలా చదివారని నా ఊహ. తప్పయితే మా తెలుగు శాఖ లెక్చరర్లు నిలదీయవచ్చు.

పండితుల ఆక్షేపణలు రాకపోలేదు. జనం మాత్రం ఆ నాటకాన్ని వదల్లేదు. మేనల్లుడు బళ్ళారి రాఘవ కూడా ప్లీడరీ, నటన జోడుగుర్రాల స్వారీయే చేశాడు.

ఆచార్యులవారు 1912లో కాలం చేశారు. చిత్రమేమిటంటే, ఆ ఏడే తిరువనంతపురంలో గణపతిశాస్త్రిగారు భాసుని నాటకాలు అచ్చువేయడం మొదలుపెట్టారు. అందులో ఊరుభంగం ఒకటి. దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం విడుస్తాడు. కోర్టులో ముందు పెట్టదగ్గ అంత పాత తీర్పు మన ప్లీడరుగారి చేతికి అందనే లేదు.