పలక కంటే ముందు మాట: భాగ్యరెడ్డి వర్మ బడులు

హైదరాబాద్ సంస్థానంలో సర్కారు కొలువులకూ పైచదువులకూ ఉర్దూయే తలుపు. ఊళ్లో దొర ముందు చెప్పులు విడిచి, తల వంచి నిలబడటం మాల మాదిగల పిల్లలకు నడక వచ్చినప్పటి నుంచే అలవాటు చేసిన పాఠం. ఆ పాఠంలో నోరు మూసుకోవడమే మొదటి అక్షరం. అలాంటి సంస్థానంలో 1910లో ఇరవై రెండేళ్ల యువకుడొకరు ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో దళిత పిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే బడులు తెరిచారు. ఆయనే మాదరి భాగ్యరెడ్డి వర్మ.

నల్లగొండ జిల్లా నందికొండ చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో పిల్లలు మాట్లాడటం, చర్చించడం ఎలా నేర్చుకుంటున్నారన్నది మా పరిశోధన విషయం. ఈ పని మొదలుపెట్టాక బోధనా పుస్తకాలు మాకు కొంత ఉపయోగపడ్డాయి. వర్మ గారి జీవితం అంతకంటే ఎక్కువ ఉపయోగపడింది. ఆయనను ఉద్యమ నాయకుడిగా స్మరించుకుంటాం, మే 22న దండలు వేస్తాం. మాటను ఒక విద్యగా జనానికి అందించిన గురువుగా మాత్రం ఆయనను చూడటం తక్కువ.

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. పెట్టిన పేరు భాగయ్య. కుటుంబ గురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చారు. రెడ్డి అనే మాటకు మూలం రేడు, అంటే ఏలిక. ఈ నేలను ఒకప్పుడు ఏలినవాళ్లు మీరేనన్నది ఆ గురువు వాదన. తర్వాత 1913లో ఆర్యసమాజం వాళ్లు వర్మ అనే బిరుదు చేర్చారు. (ఆయన రెడ్డి కులస్థుడా అని విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ మమ్మల్ని అడిగేవాళ్లున్నారు.) యువకుడిగా డోస్ శాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. పుస్తకాలకు, లోక వ్యవహారాలకు దగ్గరైంది అక్కడే.

1906లో పద్దెనిమిదేళ్లకే జగన్మిత్ర మండలి స్థాపించారు. ఆ మండలి చేసిన పని ఏమిటో చూడండి. అక్షరం రాని వాడల్లోకి హరికథతో, భజనతో, ఉపన్యాసంతో వెళ్లింది. మద్యం మానడం, బాల్యవివాహాలు ఆపడం, ఆడపిల్లలను దేవుడి పేరిట జోగినులను చేయడాన్ని అడ్డుకోవడం, ఇవన్నీ పాటగా, కథగా, వాదనగా జనం చెవిన పడ్డాయి. బడి వచ్చింది నాలుగేళ్ల తర్వాత. ముందు చెవి, తర్వాత నోరు, ఆ తర్వాతే పలక. ఈ వరుస అనుకుని పెట్టుకున్నదో, అవసరం కొద్దీ అలా కుదిరిందో గానీ, చిన్నపిల్లల భాష మీద పనిచేసే ఎవరినడిగినా సరైన వరుస ఇదేనంటారు. విని, మాట్లాడి, వాదించిన పిల్లకే చదవడం త్వరగా పట్టుబడుతుంది.

1911లో మండలి మాన్యసంఘం అయింది, తర్వాత ఆదిహిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. వాడల్లో తగవులు తీర్చేందుకు పంచాయతీలు ఏర్పడ్డాయి. ఇరుపక్షాలూ తమవాళ్ల ముందే నిలబడి చెప్పుకోవడం, ఎదుటివాళ్లది వినడం, తీర్పును ఒప్పుకోవడం. పెద్దలకూ అదొక తరగతి గదే అని మా అభిప్రాయం.

1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభ దగ్గర కొంచెం ఆగాలి. గూడూరు రామచంద్రరావు పూనికతో ఆంధ్రదేశపు మొదటి పంచమ మహాజన సభ ఏర్పాటైంది. అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మ వెళ్లారు. దళితులు ఇంతమంది ఊళ్లోకి వస్తున్నారని కనకదుర్గ గుడి తలుపులు సభ జరిగిన మూడు రోజులూ మూసేశారు. సభలో వర్మ గారు మొట్టమొదట పట్టుకున్నది సభ పేరునే. నాలుగు వర్ణాల అవతల ఐదోవాళ్లని చెప్పే పంచమ అనే మాట ఏ పురాణంలోనూ లేదనీ, ఈ నేలకు మొదటివాళ్లం కాబట్టి ఆది ఆంధ్రులమనీ వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. పిలిచినవాళ్లు పెట్టిన పేరును, వాళ్ల వేదిక మీదే కారణాలు చూపి, అందరినీ ఒప్పించి మార్చడం! చర్చ అంటే ఏమిటో విద్యార్థులకు చెప్పడానికి మాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఆ వాదన తర్వాత కూడా సాగి, 1931 జనాభా లెక్కల్లో నిజాం రాష్ట్రంలో ఆదిహిందువులు అనే పేరు నమోదైంది.

ఇప్పుడు మా నందికొండకు రండి. సాగర్ కట్ట దగ్గర హిల్ కాలనీ, పైలాన్ కాలనీ. చుట్టూ దళితవాడలు, లంబాడా తండాలు. బడిలో పిల్లలు అల్లరి చేయకుండా కూర్చుంటే మంచి తరగతి అంటారు. సారు అడిగితే అందరూ ఒక్క గొంతుతో అర్థమైంది సార్ అంటారు. మా అవ్వ కైకిలికి పోయింది అని ఒక పిల్ల చెప్తే, కూలికి వెళ్లింది అనాలని దిద్దుతారు. ఆమె చెప్పిన విషయం ఎవరికీ పట్టదు, మర్నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పదు. ఇంట్లో గోర్‌బోలి మాట్లాడే తండా పిల్లలకైతే ఈ మౌనం ఏళ్ల తరబడి సాగుతుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెట్టింది, మంచిదే. మాట్లాడటాన్ని అంత శ్రద్ధగా పట్టించుకునే అలవాటు మన బడులకు ఇంకా రాలేదు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టాలి. ప్రశ్న అడిగాక టీచరు మనసులో పది లెక్కపెట్టుకోవాలి. పిల్ల తన ఇంటి మాటలో చెప్పిన వాక్యాన్నే బోర్డు మీద రాసి చదివించాలి. పక్క పిల్లవాడు చెప్పింది ముందు తిరిగి చెప్పి, ఆ తర్వాతే ఒప్పుకోవాలి, కాదంటే ఎందుకో చెప్పాలి. నాలుగో తరగతిలో సాగర్ కట్ట ఎవరు కట్టారని అడిగి చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని పుస్తకం చూసినవాళ్లు చెప్తారు. అంత పెద్ద రాతికట్టకు రాళ్లు మోసిన పాలమూరు కూలీల సంగతి ఇంట్లో విన్న పిల్ల చెప్తుంది. ఇద్దరూ ఒకరినొకరు వినేలా చేయగలిగితే, బెజవాడ సభలో జరిగిన పనే ఆ గదిలోనూ మొదలవుతుంది.

1933 నాటికి వర్మ గారి బడులు 26కు పెరిగాయి, పిల్లలు 2,500 మంది. చివరికి నిజాం ప్రభుత్వం వాటిని తన విద్యాశాఖ కిందకు తీసుకుంది. 1906 నుంచి అప్పటివరకు ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 3,348 అని లెక్క చెప్తారు. ఇరవై ఏడేళ్లకు పంచితే మూడు రోజులకొకటి! వీటికి తోడు 1931లో భాగ్యనగర్ పత్రిక నడిపారు. వెట్టి మాదిగ అనే తన కథ వేసింది అందులోనే. దొర ముందు నోరెత్తలేని మనిషి బతుకును తెలుగు కథలోకి తెచ్చిన తొలి రచనల్లో అదొకటి. మా జిల్లా డీఎడ్ విద్యార్థుల్లో దాన్ని చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే కనిపించారు.

ఆయన మొగ్గు బుద్ధుడి వైపు. ఇంట్లో బుద్ధ జయంతి జరిపారు, కొడుక్కి గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. మా నందికొండ ఎదుట జలాశయంలో మునిగిన విజయపురి బౌద్ధ విహారాలను తలుచుకున్నప్పుడు ఆ పేరూ మాకు గుర్తొస్తుంది. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఒకటి కూడా నిండలేదు.