హైదర్ అలీ చనిపోయాడు.. కానీ సైన్యానికి తెలియదు! చిత్తూరు పక్కన దాచిన రహస్యం

దండు మొత్తం తమ సేనాధిపతి జబ్బుతో ఉన్నాడని అనుకుంటోంది. డేరా బయట కాపలా యథావిధిగా నడుస్తోంది. లోపల మాత్రం ఆయన ప్రాణం పోయి చాలాసేపైంది. 1782 డిసెంబర్ 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో జరిగిన సంగతి ఇది. చనిపోయింది మైసూరు సర్వాధికారి హైదర్ అలీ.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లలో చాలామందికి హైదర్ అంటే ఎక్కడో శ్రీరంగపట్నం మనిషి. అసలు విషయం వేరు. ఆయన పుట్టిన బూదికోట కుప్పం నుంచి రైలెక్కితే వచ్చే బంగారుపేటకు దగ్గర్లోనే ఉంది. మదనపల్లెకు ఉత్తరాన గుర్రంకొండ కోటను ఏలిన మీర్ అలీ రజా ఖాన్ ఆయనకు స్వయానా బావమరిది. ఇక ప్రాణం పోయింది చిత్తూరు పక్కన. చదువు రాకపోయినా కన్నడ, మరాఠీ, తమిళంతో పాటు తెలుగు కూడా మాట్లాడేవాడని చరిత్రకారులు రాశారు.

పుట్టుకతో రాజేం కాదు. తండ్రి ఫతే మహమ్మద్ సిరా నవాబు కొలువులో సైనికుడు. హైదర్ చిన్నప్పుడే ఆయన యుద్ధంలో చనిపోయాడు. కుటుంబం అప్పులపాలైంది. అన్న షాబాజ్ మైసూరు కొలువులో చేరాడు, తమ్ముడు అతని వెనకే వెళ్లాడు. 1749లో దేవనహళ్లి కోట ముట్టడిలో హైదర్ తెగువ పైవాళ్ల కంట్లో పడింది. 50 గుర్రాలు, 200 మంది కాల్బలం అప్పగించారు. మరుసటి ఏడు జింజి దగ్గర నిజాం నాసిర్ జంగ్ హత్యకు గురయ్యాడు. ఆ గందరగోళంలో ఖజానా సొమ్ములో కొంత హైదర్ మనుషుల చేతికి చిక్కింది. ఆ డబ్బుతోనే సొంత బలగం పెంచుకున్నాడు. దీన్ని దోపిడీ అనాలా, తెలివి అనాలా అన్నది చదివేవాళ్ల ఇష్టం.

అప్పటి మైసూరు చిన్న రాజ్యం. ఒకపక్క మరాఠాలు, ఇంకోపక్క నిజాం, ఆర్కాటు నవాబు. సింహాసనం మీద ఒడెయార్ రాజు ఉండేవాడు కానీ పేరుకే. అసలు పెత్తనం దళవాయిది. దళవాయి అంటే ఇప్పటి లెక్కలో ఆర్మీ చీఫ్ అనుకోండి. కాకపోతే రాజుకు జవాబు చెప్పుకోవాల్సిన పని లేని చీఫ్. దళవాయి దేవరాజ, ఆయన తమ్ముడు సర్వాధికారి నంజరాజ.. ఈ అన్నదమ్ములే రాజ్యాన్ని నడిపేవారు.

1758లో సీన్ మారింది. జీతాలు రాక సైనికులు తిరగబడి నంజరాజ గుమ్మం ముందు ధర్నాకు కూర్చున్నారు. దిండిగల్ నుంచి హైదర్ వచ్చాడు. లెక్కలు తీయించి, బాకీలు సర్ది గొడవ చల్లార్చాడు. సైనికుడు కట్టుబడి ఉండేది జీతం ఇచ్చే చేతికే అని హైదర్‌కు అప్పుడే అర్థమై ఉండాలి. ఆ తర్వాత మూడేళ్లలో రాజ్యం ఆయన గుప్పిట్లోకి వచ్చింది.

మధ్యలో పెద్ద దెబ్బే తిన్నాడు. తన దగ్గర లెక్కలు రాసిన ఖండేరావే 1760లో రాజమాతతో కలిసి ఎదురు తిరిగాడు. హైదర్ పెళ్లాం బిడ్డల్ని శ్రీరంగపట్నంలోనే వదిలేసి రాత్రికి రాత్రి కావేరి దాటి బెంగళూరు పారిపోయాడు. అలా చిక్కినవాళ్లలో పదేళ్లు కూడా నిండని టిప్పు ఉన్నాడు. కట్ చేస్తే, తాను పక్కకు నెట్టిన నంజరాజ దగ్గరికే వెళ్లి కాళ్లబేరమాడి దళవాయి హోదా తెచ్చుకున్నాడు. 1761లో తిరిగి గెలిచాడు. ఖండేరావును బోనులో పెట్టి పాలన్నం పెట్టించాడని కథ. రాజును మాత్రం దించలేదు. దసరాకు ప్రజలకు చూపించేవాడు, పని తాను చేసుకునేవాడు.

1769లో 6 వేల గుర్రాలతో మూడున్నర రోజుల్లో 200 కిలోమీటర్లు దౌడు తీసి మద్రాసు గుమ్మంలో నిలబడ్డాడు. ఇంగ్లీషు కంపెనీ సంధికి దిగక తప్పలేదు. 1779లో కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను ఓడించాడు. 1780లో 80 వేల పైచిలుకు సైన్యంతో ఆర్కాటు సీమ మీద పడ్డాడు. సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ సేన చిత్తయింది. గొప్పలు చెప్పేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. అదే దండయాత్రలో మద్రాసు చుట్టూ ఊళ్లు తగలబడ్డాయి, పంటలు పోయాయి. ఆ నష్టం మోసింది రైతులే. 1781 జులైలో పోర్టోనోవోలో సర్ ఐర్ కూట్ చేతిలో హైదర్ ఓడిపోయాడు. గుర్రంకొండ బావమరిది ఆ యుద్ధంలోనే నేలకొరిగాడు.

మళ్లీ నరసింగరాయనిపేటకి వద్దాం. హైదర్ వీపు మీద లేచింది రాచపుండు. ఎన్ని వైద్యాలు చేసినా తగ్గలేదు. పెద్ద కొడుకు టిప్పు అప్పుడు మలబారు తీరంలో పొన్నాని దగ్గర ఇంగ్లీషువాళ్లతో పోరులో ఉన్నాడు. వార్త బయటపడితే ఏమవుతుంది? ఎవరి బలగం వాళ్లు లాక్కుపోతారు, ఇంగ్లీషువాళ్లు మీద పడతారు. ఒక మనిషి చుట్టూ కట్టిన సైన్యానికి ఉన్న లోపం అదే. పూర్ణయ్య, కృష్ణారావు అనే ఇద్దరు అధికారులు ఆ రాత్రే నిర్ణయం తీసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. టిప్పు దగ్గరికి వేగులు పరిగెత్తారు. శవాన్ని సుగంధ ద్రవ్యాలు నింపిన పెట్టెలో పెట్టి, విలువైన సొమ్ము తరలిస్తున్నట్టు కాపలాతో కోలారు పంపేశారు. చిత్తూరు నుంచి కోలారుకు ఇప్పటికీ మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మీదుగానే దారి. పైన పుంగనూరు, కింద కుప్పం.

రహస్యం పూర్తిగా ఆగలేదు. టిప్పు తమ్ముడు అబ్దుల్ కరీంను గద్దెనెక్కించాలని మహమ్మద్ అమీన్ అనే సర్దారు కొందరితో కలిసి కుట్ర పన్నాడు. అది బయటపడింది. చనిపోయిన హైదర్ పేరుమీదే ఉత్తర్వు ఇచ్చినట్టుగా కుట్రదారులకు సంకెళ్లు వేశారు. తర్వాత సైన్యం టిప్పుకు ఎదురెళ్లేందుకు కదిలింది. తెరలు మూసిన పల్లకీ మామూలు హంగామాతో ముందు నడిచింది. లోపల ఎవరూ లేరు.

అవతల మద్రాసులో ఏం జరిగింది? గవర్నర్ మెకార్ట్నీకి, కొత్త సేనాధిపతి స్టువర్ట్‌కు పడలేదు. స్టువర్ట్ సైన్యాన్ని కదపలేదు. అక్కడ సేనాధిపతి బతికే ఉన్నాడు, కానీ ఆర్డర్ రాలేదు. 1783 జనవరి తొలి రోజుల్లో టిప్పు దండులోకి చేరుకున్నాడు. పెద్ద ఆర్భాటం లేకుండా పగ్గాలు తీసుకున్నాడు.

కోలారులో తండ్రి సమాధి దగ్గర ఉంచిన హైదర్ దేహాన్ని తర్వాత శ్రీరంగపట్నం గుంబజ్‌కు మార్చారు. 1799లో టిప్పును కూడా అక్కడే పాతిపెట్టారు. మధ్యలో హైదర్, ఒకపక్క టిప్పు, ఇంకోపక్క భార్య ఫక్రున్నిసా. టిప్పు పడిపోయాక గుర్రంకొండ జాగీరు మీర్ అలీ రజా ఖాన్ కొడుకు కమరుద్దీన్ ఖాన్‌కు దక్కింది.