ఊరికి పేరిచ్చిన టాల్బట్ కుటుంబం

2007లో మన టాటాలు కోరస్ సంస్థను కొన్నప్పుడు, వేల్స్ దేశంలోని పోర్ట్ టాల్బట్ ఉక్కు కర్మాగారం పేరు మన ఇళ్ళలోనూ వినబడింది. ఆ పట్టణానికి పేరిచ్చిన భూస్వామి క్రిస్టఫర్ రైస్ మాన్సెల్ టాల్బట్.

ఆయన 1803 మే 10న జన్మించారు. పదేళ్ళకే తండ్రి పోవడంతో మార్గమ్, పెన్‌రైస్ ఎస్టేట్లకు వారసులయ్యారు. మార్గమ్ భూములు ఒకప్పుడు క్రైస్తవ మఠానివి. 16వ శతాబ్దంలో మఠాలు రద్దయినప్పుడు ఆయన పూర్వీకులు వాటిని కొన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. 1830లో గ్లమోర్గన్ నుండి పార్లమెంటుకు ఎన్నికై, చనిపోయేవరకు దాదాపు అరవై ఏళ్ళపాటు సభ్యులుగానే ఉన్నారు. 1874 నుండి సభలో అందరికంటే సీనియర్ ఆయనే. అయినా సభలో నోరు విప్పింది బహు తక్కువ.

ఆయన మాట్లాడింది పనుల ద్వారా. మార్గమ్‌లో కోటలాంటి భవనం కట్టించారు. అవాన్ నది ముఖద్వారం దగ్గర రేవు నిర్మాణానికి అండగా నిలిచారు. 1837లో తెరచిన ఆ రేవుకు ఆయన పేరే పెట్టారు. సౌత్ వేల్స్ రైల్వేకు అధ్యక్షత వహించారు. బొగ్గు, రాగి, ఇనుము రేవుకు చేరితే ఊరికి పని దొరికింది, ఆయన భూముల విలువా పెరిగింది. ఊరి మేలు, జమీందారు లాభం అక్కడ కలిసే నడిచాయి.

ఇంట్లో మాత్రం దుఃఖం తప్పలేదు. భార్య లేడీ షార్లెట్ 1846లో మరణించారు. ఒక్కగానొక్క కొడుకు థియోడర్ వేటలో తగిలిన దెబ్బల కారణంగా 1876లో కన్నుమూశాడు. 1890 జనవరి 17న టాల్బట్ మరణించాక ఆస్తి కూతురు ఎమిలీ చేతికి వచ్చింది. అవివాహితగానే ఉండి ఆమె ఎస్టేటును సమర్థంగా నడిపారు. ఆమె పూనికతో 1898లో కొత్త డాక్ తెరుచుకుంది. అలా చనిపోయినవారిని తలచుకొనేవారు ఎందరో ఉంటారు గానీ, ఆమె అన్న జ్ఞాపకార్థం ఊరికొక చర్చినే కట్టించారు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే అక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1918లో ఆమె మరణించారు.

1977లో మార్గమ్ భవనం అగ్నికి ఆహుతైంది. మిగిలిన కట్టడం, తోట నేడు ప్రజలవి. 2024 సెప్టెంబరు 30న చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆరిపోయి, వేలాది కుటుంబాల జీవనాధారం దెబ్బతింది. విద్యుత్ కొలిమి నిర్మాణం 2025లో మొదలైంది. ఒక ఇంటి ఆసరాతో ఎదిగిన ఊరు ఇప్పుడు ఒక కర్మాగారం వంక చూస్తోంది. జీవితమంతా ఒకే సంస్థను నమ్ముకొని బ్రతికిన మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.